మతిమరుపుకు మందు: ముందు కొలబద్ద కావాలి

లెకనెమాబ్ అనే అల్జీమర్స్ మందుకు 2023 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పూర్తి ఆమోదం ఇచ్చింది. జబ్బు ముదిరే వేగాన్ని 27 శాతం తగ్గించిందని పత్రికలన్నీ రాశాయి. ఆ 27 శాతం ఎలా వచ్చిందో చూద్దాం. ట్రయల్‌లో 1,795 మంది ఉన్నారు. 18 నెలలు సాగింది. జబ్బు తీవ్రతను సున్నా నుంచి 18 దాకా లెక్కగట్టే ఒక స్కేలు మీద, ఉత్తుత్తి మందు ఎక్కించినవాళ్లకు జబ్బు సగటున 1.66 పాయింట్లు పెరిగింది. అసలు మందు ఎక్కించినవాళ్లకు 1.21 పెరిగింది. తేడా 0.45. అర పాయింటు కూడా కాదు.

ఈ తేడా నిజమైనదే, కాకతాళీయం కాదు. దశాబ్దాల తరబడి ఓటమి తప్ప మరోటి ఎరగని రంగంలో దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. అయితే ఇంట్లో కనిపెట్టుకుని ఉండే కూతురికో కోడలికో ఆ అర పాయింటు కంటికి ఆనుతుందా అంటే డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఒక మందు బతకాలా పోవాలా అన్నది అర పాయింటు మీద తేలుతున్నప్పుడు, ఆ పాయింట్లు వేసే పద్ధతి ఎవరి బతుకును చూసి తయారైంది? బెంగళూరులో మెదడు జబ్బుల మీద జరుగుతున్న పనిలో ఎక్కువ భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. బయటివాళ్లకు అది మందుల పరిశోధనలా కనిపించదు. కానీ మందుకు ముందు జరగాల్సిన పని అదే.

ఆ స్కేలు పేరు సీడీఆర్. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో 1982 ప్రాంతంలో తయారైంది. జ్ఞాపకశక్తి, స్థలకాలాల స్పృహ, మంచిచెడ్డల నిర్ణయం, బయటి వ్యవహారాలు, ఇంటి పనులు-సరదాలు, సొంత పనులు చేసుకోవడం అని ఆరు గదులు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. రోగితో మాట్లాడాలి, రోగిని దగ్గర నుంచి చూసే మనిషితోనూ మాట్లాడాలి. బయటి వ్యవహారాలు, ఇంటి పనులు, సొంత పనులు లాంటి గదులు ఆ రెండో మనిషి జవాబుల మీదే చాలావరకు ఆధారపడతాయి.

ఇప్పుడు బెంగళూరు హోసూరు రోడ్డులో, మెదడు, మానసిక జబ్బులు చూసే నిమ్హాన్స్ లాంటి చోటికి మదనపల్లె వైపు నుంచి ఒక పెద్దావిడను తీసుకొచ్చారనుకుందాం. వయసు డెబ్బై దాటింది. పక్కన కొడుకు.

“అమ్మ డబ్బు లెక్కలు చూసుకుంటారా?” అని అడుగుతారు. “ఆమెకా అవసరం ఏముంది సార్, మేమున్నాం కదా” అంటాడు కొడుకు. బజారుకు ఒక్కరే వెళ్లి సరుకులు తెస్తారా? ఎప్పుడూ వెళ్లలేదు, నాన్న తెచ్చేవారు, ఇప్పుడు మేం తెస్తాం. వంట చేస్తారా? కోడలు వచ్చాక మానేసింది. సరదాలు? సాయంత్రం గుడికి వెళ్తుంది, పక్కింటావిడ తోడుంటుంది. ఈమధ్య ఏమైనా మార్పు కనిపించిందా? “వయసైపోయింది కదా సార్, మామూలే.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా పాయింటు వేయడానికి పనికొచ్చే జవాబూ లేదు. కొడుకు చెప్పింది ఆవిడ చేయలేకపోతున్న పనుల గురించి కాదు, ఆమెతో చేయించని పనుల గురించి. ఉమ్మడి కుటుంబంలో పెద్దల చేతి నుంచి పనులు ఒక్కొక్కటే మర్యాదగా తీసేసుకుంటాం. అది ప్రేమే. కానీ జబ్బు మొదటి మూడు నాలుగేళ్లు ఆ ప్రేమ వెనక దాక్కుంటుంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయే అవకాశమే లేని మనిషికి మతిమరుపు ఎంతుందో ఎవరికి తెలుస్తుంది? ఆ ఇంటి ఆడవాళ్లను విడిగా అడిగితే జవాబులు మారిపోతాయి. చెప్పిందే పదిసార్లు చెబుతోందని, రాత్రిళ్లు లేచి పుట్టింటికి వెళ్తానంటోందని కోడలు చెబుతుంది. ఆస్పత్రికి మాత్రం కొడుకు వస్తాడు. ఒకే మనిషికి, ఎవరు తోడు వచ్చారన్న దాన్ని బట్టి, రెండు రకాల పాయింట్లు పడతాయి. ఆ తేడా 0.45 కన్నా చాలా పెద్దది కావచ్చు.

చదువు సంగతి మరో చిక్కు. ప్రపంచమంతా వాడే ముప్పై మార్కుల మినీ మెంటల్ పరీక్ష 1975 నాటిది. వంద నుంచి ఏడు చొప్పున తీసేస్తూ పొమ్మంటుంది, ఒక వాక్యం రాయమంటుంది, ఐదు భుజాల బొమ్మలు రెండు చూసి గీయమంటుంది. జీవితంలో పెన్సిల్ పట్టని రైతు ఇందులో తక్కువ మార్కులు తెచ్చుకుంటే అది మెదడు లోపమా, బడి లోపమా? ఈ చిక్కును మొదట గట్టిగా పట్టించుకున్నది హర్యానాలోని బల్లభ్‌గఢ్ దగ్గర 1990లలో జరిగిన భారత-అమెరికా సర్వే. చదువురాని పల్లెవాసుల కోసం పరీక్షనే హిందీలో తిరగరాశారు. ఏడు చొప్పున తీసేసే లెక్కల బదులు వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషల్లో ఒకే ప్రమాణంతో జ్ఞాపకశక్తి పరీక్షల కిట్టును తయారు చేయించింది. దేశంలో డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి పేరు) మీద గత రెండు దశాబ్దాల్లో జరిగిన పనుల్లో వార్తల్లోకి ఎక్కనిదీ, ఎక్కాల్సిందీ ఇదే అనిపిస్తుంది.

ఈ పనిలో తెలుగు నేల వాటా చిన్నది కాదు. ఇప్పుడు నిమ్హాన్స్‌లో ఉన్న డాక్టర్ సువర్ణ అల్లాడి అంతకు ముందు హైదరాబాద్ నిమ్స్‌లో జ్ఞాపకశక్తి క్లినిక్ నడిపారు. అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ఒక ఫలితం ప్రచురించారు. రెండు అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు ఒకే భాష మాట్లాడేవాళ్ల కన్నా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా ఉంది కాబట్టి, ఇదంతా బడి మహిమేనని కొట్టిపారేయడానికి వీల్లేకపోయింది. అయినా జాగ్రత్తగా చదవాల్సిన ఫలితమే. ఆస్పత్రికి వచ్చినవాళ్లను చూసి తేల్చిన విషయం అది. ఒక భాష నేర్పించి జబ్బును ఆపిన ప్రయోగం కాదు. అరవై దాటాక యాప్‌లో స్పానిష్ నేర్చుకుంటే అల్జీమర్స్ రాదని చెప్పే వీడియోలకు ఈ పరిశోధన బాధ్యత వహించదు.

రెండు భాషల మధ్య రోజూ బతికే ఊళ్లు చూడాలంటే బెంగళూరు నుంచి వంద కిలోమీటర్లు వెళ్తే చాలు. కోలారు జిల్లా శ్రీనివాసపుర, మామిడికి పేరున్న తాలూకా. ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో కన్నడం. భారత విజ్ఞాన సంస్థ ప్రాంగణంలోని మెదడు పరిశోధన కేంద్రం తన పెద్ద అధ్యయనానికి ఈ పల్లెలనే ఎంచుకుంది. 45 ఏళ్లు దాటి, డిమెన్షియా లేని 10,000 మందిని చేర్చుకుని ఏళ్ల తరబడి చూస్తూ పోవాలన్నది లక్ష్యం. జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్తం, జన్యువులు, వినికిడి, మెదడు ఎంఆర్‌ఐ అన్నీ ఉంటాయి. పోల్చి చూడటానికి నగరంలో ఇలాంటిదే మరొకటి, టాటా ట్రస్టుల సాయంతో, 1,000 మంది లక్ష్యంగా నడుస్తోంది. కేంద్రం 2014లో మొదలైంది. ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకుడు క్రిస్ గోపాలకృష్ణన్ ప్రతీక్ష ట్రస్టు ద్వారా దీనికి 225 కోట్ల రూపాయలు ఇస్తామన్నారు. విజయలక్ష్మి రవీంద్రనాథ్ తొలి డైరెక్టర్.

జబ్బు లేనివాళ్లను చూడటం ఎందుకని శ్రీనివాసపురలోనే ఎవరైనా అడిగి ఉంటారు. అల్జీమర్స్‌లో అమిలాయిడ్ అనే ప్రొటీన్ మెదడులో పేరుకోవడం, పేరు మరిచిపోవడం మొదలవడానికి పదిహేను ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుంది. ఆస్పత్రి మెట్లెక్కే నాటికి నాడీకణాలు చాలానే పోయి ఉంటాయి. పోయిన కణాన్ని తిరిగి తెచ్చే మందు ఇవాళ లేదు. కాబట్టి మందు ఏదైనా ముందే ఇవ్వాలి, ముందే ఇవ్వాలంటే ఎవరికి రాబోతోందో తెలియాలి, అది తెలియాలంటే ఆరోగ్యంగా ఉన్నప్పటి నుంచీ చూసిన మనుషుల లెక్క ఉండాలి. యూరప్, అమెరికాల్లో అలాంటి లెక్కలు దశాబ్దాలవి ఉన్నాయి. మన దగ్గర ఇప్పుడిప్పుడే పోగవుతున్నాయి.

కొత్తగా వచ్చిన రక్తపరీక్షల వల్ల ఈ లెక్కకు విలువ పెరిగింది. పీ-టౌ217 అనే ప్రొటీన్‌ను రక్తంలో కొలిచి మెదడులో అమిలాయిడ్ ఉందో లేదో చాలావరకు చెప్పవచ్చు. దాని మీద ఆధారపడిన ఒక పరీక్షకు అమెరికాలో 2025 మేలో అనుమతి వచ్చింది. ఇదివరకు దీనికోసం పెట్ స్కాన్ తీయాలి, లేదా వెన్నులో సూది గుచ్చి ద్రవం తీయాలి. రక్తపరీక్ష చౌక, తాలూకా ఆస్పత్రిలోనూ తీయొచ్చు. కానీ కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో ఈ ప్రొటీన్ ఎక్కువగా కనిపిస్తుంది, ఒళ్లు ఎక్కువున్నవాళ్లలో తక్కువగా కనిపిస్తుంది. షుగర్, బీపీల వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు ఇంతమంది ఉన్న చోట, ఇంత దాటితే జబ్బున్నట్టే అని వేరే దేశంలో పెట్టిన గీతను తెచ్చి ఇక్కడ గీస్తే లేని జబ్బు ఉందని చెప్పే ప్రమాదం ఉంది. అరవై ఏళ్ల మనిషికి “మీకు అల్జీమర్స్ మొదలైంది” అని పొరపాటున చెప్పడం ఎంత పెద్ద టెన్షన్ తెస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ గీత ఎక్కడ గీయాలో శ్రీనివాసపుర లాంటి చోట్ల తేలాలి.

మందుల వైపు చూస్తే, ఈ రంగం చరిత్ర అంత ఉత్సాహంగా లేదు. పార్కిన్సన్స్ విషయంలో వైద్యానికి అదృష్టం కలిసొచ్చింది. అక్కడ డోపమైన్ అనే ఒక రసాయనం తగ్గుతోందని తెలిసింది. దాన్ని నింపే లెవోడోపా 1960ల చివరి నుంచీ వాడుకలో ఉంది. ఆ లెవోడోపాను దూలగొండి గింజల్లోంచి వేరుచేసి చూపించినవాళ్లు దామోదరన్, రామస్వామి అనే మద్రాసు శాస్త్రవేత్తలు, 1937లో. అది ఏ జబ్బుకు పనికొస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. అల్జీమర్స్‌లోనూ ఇదే దారి పట్టారు. మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగ్గుతోంది కదా అని దాన్ని నిలబెట్టే డోనెపెజిల్ 1996లో వచ్చింది. ఇవాళ మన మెడికల్ షాపుల్లో దొరికేవాటిలో అదొకటి. కొన్నాళ్లు కొంచెం తేలిక పరుస్తుంది. జబ్బు తన దారిన తాను పోతుంది.

1992లో అమిలాయిడే మూలమన్న సిద్ధాంతం ఒక రూపానికి వచ్చాక మందుల కంపెనీలు దాని వెంటపడ్డాయి. 2002 నుంచి 2012 వరకు అల్జీమర్స్ మీద 413 ట్రయల్స్ జరిగితే 99.6 శాతం మందులు విఫలమయ్యాయని ఒక సమీక్ష తేల్చింది. ఎలుకల్లో అమిలాయిడ్ తగ్గింది, ఎలుక దారి గుర్తుపెట్టుకుంది, మనిషి పెట్టుకోలేదు. ఎలుకకు అల్జీమర్స్ రాదు. మనిషి జన్యువును దానిలో పెట్టి తెప్పిస్తారు. తగ్గించేది కూడా ఆ తెప్పించిన దాన్నే.

బెంగళూరు కథే ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 2012లో విజయలక్ష్మి రవీంద్రనాథ్ బృందం అశ్వగంధ వేరు సారం ఇచ్చిన ఎలుకల్లో అమిలాయిడ్ తగ్గి, జ్ఞాపకశక్తి మెరుగైందని చూపించింది. విశేషమేమిటంటే ఆ సారం మెదడులో కాదు, కాలేయంలో పనిచేసింది. అక్కడ అమిలాయిడ్‌ను పట్టుకునే ఒక ప్రొటీన్ (గ్రాహకం) పెరిగి, రక్తంలోని అమిలాయిడ్‌ను లాగేసింది. రక్తంలో తగ్గేసరికి మెదడులోది బయటికి వచ్చింది. మెదడులోకి మందు చేరడమే పెద్ద అడ్డంకి అయిన ఈ రంగంలో, మెదడుదాకా పోకుండానే పనిచేయొచ్చన్న ఆలోచన చాలా బాగుంది. ఆ తర్వాత డబ్బా మీద మెదడు బొమ్మ వేసి అశ్వగంధ చూర్ణం అమ్మేవాళ్లకూ ఇది బాగా ఉపయోగపడింది. డిమెన్షియా ఉన్న మనుషుల్లో అది పనిచేస్తుందని చూపించే పెద్ద ట్రయల్ మాత్రం ఇప్పటికీ లేదు. షుగర్‌కు, బరువుకు వాడే సెమాగ్లూటైడ్ మీద కూడా ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. వాడేవాళ్లలో డిమెన్షియా తక్కువగా ఉందని రికార్డులు సూచించాయి. తీరా పెట్టిన రెండు పెద్ద ట్రయల్స్‌లో అది అల్జీమర్స్‌ను నెమ్మదింపజేయలేదని 2025 నవంబర్‌లో తేలింది.

ఎలుకల మీద నమ్మకం తగ్గాక మనిషి కణాల వైపు మొగ్గు పెరిగింది. నిమ్హాన్స్, బెంగళూరులోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ కలిసి, ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి మానసిక జబ్బో డిమెన్షియానో ఉన్నవాళ్ల రక్తకణాలు తీసుకుని, వాటిని మూలకణాలుగా, ఆపైన నాడీకణాలుగా మార్చి గాజు పళ్లెంలో పెంచుతున్నాయి. బైపోలార్ జబ్బులో లిథియం కొందరికే ఎందుకు పనిచేస్తుంది లాంటి ప్రశ్నలకు ఇది మంచి దారి. డిమెన్షియా దగ్గరికి వచ్చేసరికి ఒక మెలిక ఉంది. మూలకణంగా మార్చే క్రమంలో కణం వయసు చెరిగిపోతుంది. డెబ్బై ఏళ్ల మనిషి రక్తం నుంచి పుట్టిన నాడీకణం పసికణమే. ముసలితనంలో వచ్చే జబ్బును దానిలో చూడటం కష్టం. అందుకే నిజమైన, వయసు మళ్లిన మెదళ్లను దాచే చోటు కూడా కావాలి. నిమ్హాన్స్‌లో 1995 నుంచి ఉన్న మెదడు బ్యాంకు అదే. డాక్టర్ ఎస్.కె. శంకర్ దాన్ని నిలబెట్టారు. పోయిన కొన్ని గంటల్లోపు కుటుంబం ఒప్పుకుంటేనే అది సాధ్యం. దహనసంస్కారాల తొందరలో ఉన్న ఇంటివాళ్లను ఆ మాట అడగడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

మళ్లీ లెకనెమాబ్‌కు వద్దాం. మొదట్లో రెండు వారాలకొకసారి సెలైన్ లాగా నరంలోకి ఎక్కించాలి. మొదలుపెట్టే ముందు అమిలాయిడ్ ఉందని పరీక్షలో రుజువు కావాలి. మొదటి కొన్ని నెలల్లో పలుమార్లు ఎంఆర్‌ఐ తీయాలి. ఎందుకంటే ట్రయల్‌లో మందు తీసుకున్నవాళ్లలో 12.6 శాతం మందికి మెదడులో వాపు కనిపించింది. చాలామందికి అది తెలియకుండానే పోతుంది. కొద్దిమందికి ప్రాణం మీదికి వస్తుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. 2023లో అమెరికాలో దీని ధర ఏడాదికి 26,500 డాలర్లుగా ప్రకటించారు. 2024లో ఆమోదం పొందిన డోనానెమాబ్ నెలకొకసారి చాలు, అమిలాయిడ్ పోయాక ఆపేయొచ్చు. కాస్త నయం. అయినా చింతామణి నుంచో పుంగనూరు నుంచో ఒక రైతు కుటుంబం నెలనెలా బెంగళూరు వచ్చి, ఎంఆర్‌ఐ తీయించుకుని, మందు ఎక్కించుకుని వెళ్లడమన్నది ధర సగానికి తగ్గినా జరిగే పని కాదు. దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతానికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా. పల్లెల్లో, ఆడవాళ్లలో ఎక్కువ. ఆ మందు చేరగలిగేది ఈ 88 లక్షల్లో ఎవరికో చెప్పడం కష్టం కాదు.

ట్రయల్స్ ఇక్కడికి రావడం వల్ల కొంత మేలు ఉంటుంది. రావాలంటే రోగి ఒప్పుకోలు కావాలి. జబ్బే అర్థం చేసుకునే శక్తిని తినేస్తున్నప్పుడు ఒప్పుకోలు ఎవరిది? 2019 నాటి ఔషధ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, తనంతట తాను ఒప్పుకోలేని వ్యక్తి తరఫున చట్టబద్ధమైన ప్రతినిధి సంతకం చేయాలి. చదవలేనివాళ్లకు నిష్పాక్షికమైన సాక్షి ఉండాలి. కొత్త రసాయనాల ట్రయల్స్‌లో ఇలాంటి బలహీన స్థితిలో ఉన్నవాళ్ల ఒప్పుకోలు వీడియో తీయాలి. నిబంధనలు బాగానే ఉన్నాయి. పాటించడంలోనే అంతా ఉంది. పది పేజీల ఫారం చేతిలో పెట్టి “సంతకం చేయండమ్మా” అంటే అది ఒప్పుకోలు కాదు.

ఇన్ని చెప్పాక, పల్లెల్లో ఇప్పటికిప్పుడు చేయగలిగింది ఏదైనా ఉందా అంటే ఉంది. అది కొత్త మందు కాదు. లాన్సెట్ వైద్యపత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో 14 కారణాలు చూపించి, వాటిని సరిదిద్దితే దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చు అంది. చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, ఒంటరితనం, చూపు తగ్గడం వగైరా. 45 అన్నది ఉదారమైన లెక్క. ఆ పద్నాలుగింటిలో అన్నింటికీ ప్రయోగంలో తేలిన రుజువు లేదు. బీపీకి మాత్రం ఉంది. 2019లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో పై బీపీని 120 లోపు ఉంచినవాళ్లలో తొలిదశ మతిమరుపు 19 శాతం తగ్గింది. డిమెన్షియా మీద గట్టిగా తేల్చేలోపే ట్రయల్ ఆగిపోయింది. ఆ లోటును 2025లో వెలువడిన చైనా ఫలితం పూడ్చింది. 326 పల్లెలు, 33,995 మంది, నాలుగేళ్లు. స్పెషలిస్టులు ముందుండి నడిపింది కాదు. ఊరి ఆరోగ్య కార్యకర్తలే చౌక మాత్రలతో బీపీని 130/80 లోపుకు తెచ్చే ప్రయత్నం చేశారు. అలా చేసిన ఊళ్లలో, చేయని ఊళ్లతో పోలిస్తే డిమెన్షియా 15 శాతం తగ్గింది.

ఈ 15 శాతాన్ని ఆ 27 శాతం పక్కన పెట్టి పోల్చకూడదు. రెండూ కొలిచింది వేర్వేరు వాటిని. ఒకటి ఉన్న జబ్బు వేగం, ఇంకొకటి కొత్తగా జబ్బు పడేవాళ్ల సంఖ్య. కానీ రెండో దాని ఖర్చు మొదటి దానిలో దారిఖర్చులకు కూడా రాదు.

అలాంటి ప్రయోగం కోలారు, చిత్తూరు పల్లెల్లో పెట్టడానికి కావాల్సినవి చాలావరకు సిద్ధంగా ఉన్నాయి. ఏళ్ల తరబడి చూస్తున్న మనుషులున్నారు. చదువురానివాళ్లకూ వాడగలిగే పరీక్షలు తెలుగులో, కన్నడంలో ఉన్నాయి. ఊరూరా ఆశా కార్యకర్తలున్నారు. లేనివి రెండు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర నెల మధ్యలో అయిపోకుండా చూసే ఏర్పాటు ఒకటి. ఇంటికి వెళ్లిన కార్యకర్త కొడుకును కాకుండా కోడలిని కూర్చోబెట్టి అడిగే పద్ధతి రెండోది.